సాల్వెంట్ ప్లాంటుకి మైక్ సిస్టమ్: 100 వోల్ట్ లైనా, ఐపీనా, పేజ్-పార్టీనా?

రియాక్టర్_బ్లాక్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పరవాడ ఫార్మా సిటీలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌కి పబ్లిక్ అడ్రస్, పేజింగ్ కొత్తగా పెట్టాలి. ప్రస్తుతం ఉన్నవి ఫైర్ ప్యానెల్ హూటర్లు, గేటు దగ్గర చేత్తో తిప్పే సైరన్, అంతే.

ప్రొడక్షన్ బ్లాకులు 4, ఒక్కొక్కటి గ్రౌండ్ మీద 3 అంతస్తులు. హైడ్రోజనేషన్ బ్లాకు విడిగా ఉంది. సాల్వెంట్ ట్యాంక్ ఫామ్, బొగ్గు బాయిలర్ (షెడ్డు 30 × 12 మీటర్లు), కంప్రెసర్లూ చిల్లర్లూ ఉన్న యుటిలిటీ, ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి), గోడౌన్ (60 × 30 మీటర్లు, ఎత్తు 9, పైన రేకులు), అడ్మిన్, క్యూసీ ల్యాబ్. సర్వర్ గది నుంచి చివరి బ్లాకుకి కేబుల్ దారి 350 మీటర్లు.

మీటరుతో కొలిచిన శబ్దం డీబీఏలో (చెవి వినే తీరుకి సర్దిన డెసిబెల్స్): బాయిలర్ 92, కంప్రెసర్ గది 98, ప్రొడక్షన్ 75 నుంచి 80, ట్యాంక్ ఫామ్ 70, లోపలి రోడ్లు 68, గోడౌన్ 62, ఆఫీసు 55.

వచ్చిన కొటేషన్లు మూడు.
1. సెంట్రల్ ర్యాకు, 500 వాట్ల ఆంప్లిఫయర్లు 5, 100 వోల్ట్ లైను (ఒకే జత తీగల మీద చాలా స్పీకర్లు, ఒక్కోదానికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్) మీద 15 వాట్ల ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంట బయటి ఆవిరిని అంటించని) హారన్లు 70.
2. ఐపీ (కంప్యూటర్ నెట్‌వర్కు మీద నడిచే) హారన్లు, పీఓఈ (నెట్‌వర్కు కేబుల్‌లోనే కరెంటు ఇచ్చే) స్విచ్‌లు, సర్వర్.
3. పేజ్-పార్టీ హ్యాండ్‌సెట్ స్టేషన్లు 24, ఒక్కోదానికి సొంత ఆంప్లిఫయర్.

ఏది తీసుకోవాలి? హారన్లన్నీ ఫ్లేమ్‌ప్రూఫ్ కావాలా? బ్యాటరీ ఎంత పెట్టాలి? ఇంకొకటి, ఫైర్ హూటర్లు ఉన్నాయి కదా, మైక్ ఎందుకు అని పైవాళ్ళు అడుగుతున్నారు.

---

డెసిబెల్_లెక్క:

మూడు కొటేషన్లనీ కాసేపు పక్కన పెట్టండి. 70 హారన్లు అనే సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో మొదటివాళ్ళని అడగండి. 92 డీబీ బాయిలర్‌కీ 62 డీబీ గోడౌన్‌కీ ఒకే హారన్ రాశారంటే డ్రాయింగు మీద చుక్కలు పెట్టుకుంటూ పోయారు, లెక్క చెయ్యలేదు.

లెక్క కాగితం మీద అయిపోతుంది. హారన్ కేటలాగులో 1 వాటుకి 1 మీటరు దూరంలో ఎన్ని డీబీ అని ఉంటుంది. 110 అనుకోండి. 15 వాట్లు ఇస్తే దానికి 12 కలిసి 122. అక్కణ్ణుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా 6 పోతుంది. 2 మీటర్లకి 116, 4కి 110, 8కి 104, 16కి 98. వినేవాడి చెవి దగ్గర చుట్టూ ఉన్న శబ్దం కంటే 10 డీబీ ఎక్కువ ఉండాలి. శబ్దం 95 దాటిన చోట 6 ఎక్కువున్నా సరిపెట్టుకుంటారు. ఎక్కడా 120 దాటకూడదు. అందుకే హారన్‌ని 4 మీటర్ల ఎత్తు కంటే కిందికి దించొద్దు, కింద నిలబడ్డవాడి చెవులు పోతాయి.

బాయిలర్‌కి 92 + 10 = 102. పై లెక్కన 15 వాట్ల హారన్ 10 మీటర్ల వరకు పనికొస్తుంది. రెండు పొడుగు గోడల మీదా ఎదురెదురుగా కాకుండా జరిపి జరిపి 4 పెడితే షెడ్డు నిండుతుంది.

కంప్రెసర్ గది వేరే కథ. నాలుగు గోడల మధ్య 98 డీబీ ఉన్నచోట మాట అర్థమవ్వాలని పట్టుబట్టకండి. టోను వినపడాలి, లైటు కనపడాలి, మనిషి బయటికొచ్చి అక్కడున్న హారన్‌లో మాట వినాలి. అమెరికా ఫైర్ అలారం కోడ్ ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం చుట్టూ శబ్దం 105 డీబీఏ దాటితే ఫ్లాష్ లైటు తప్పనిసరి. మీది 98 అయినా పెట్టండి, లోపల ఉన్నవాళ్ళు ఇయర్ మఫ్‌లతో ఉంటారు.

గోడౌన్‌లో హారన్ అసలు వద్దు. రేకుల కప్పు, సిమెంటు నేల, మధ్యలో డ్రమ్ములు. శబ్దం రెండు మూడు సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. అలాంటిచోట వాట్లు పెంచితే గోల పెరుగుతుంది, మాట మాత్రం తేలదు. చిన్నవి ఎక్కువ పెట్టి మనిషికి దగ్గరగా తీసుకురావాలి. 92 డీబీ సెన్సిటివిటీ ఉన్న ప్రొజెక్టర్ స్పీకర్‌ని 6 వాట్ల ట్యాప్ (ఎన్ని వాట్లు తీసుకోవాలో ఎంచుకునే ట్రాన్స్‌ఫార్మర్ కొస) మీద పెడితే 100, 12 మీటర్ల దూరంలో 78. కావలసింది 72. అలాంటివి 12 కిందికి వంచి బిగిస్తే మొత్తం 72 వాట్లతో పని అయిపోతుంది.

రోడ్ల మీద లెక్క మోసం చేస్తుంది. 122 నుంచి 78కి దిగాలంటే 150 మీటర్లు వెళ్ళొచ్చని కాగితం చెప్తుంది. గాలి, అడ్డొచ్చే ట్యాంకరు, హారన్ పక్కవైపు తగ్గే శబ్దం కలిపి 45 మీటర్లకి ఒకటి పెట్టండి, అన్నీ ఒకే దిక్కుకి చూడాలి. ఎదురెదురుగా పెడితే మధ్యలో ఉన్నవాడికి దగ్గరి హారన్ మాట ముందు, దూరపు హారన్ మాట వెనక వస్తుంది. 34 మీటర్ల తేడా అంటే పదో వంతు సెకను, అంటే ప్రతి మాటా రెండుసార్లు.

---

జోన్_ఒకటి_రెండు:

డెసిబెల్ గారు చెప్పింది చదివాక ఫ్లేమ్‌ప్రూఫ్ సంగతి. 70కి 70 ఫ్లేమ్‌ప్రూఫ్ రాశారంటే మీ ఏరియా క్లాసిఫికేషన్ డ్రాయింగు (మండే ఆవిరి ఎక్కడ ఎంతగా ఉండొచ్చో జోన్లుగా గీసింది) వాళ్ళు చూడలేదు. ఆ డ్రాయింగు లేకుండా కొటేషనే పిలవకూడదు.

జోన్ ఒక్కటే చూస్తే చాలదు, గ్యాస్ గ్రూపు (ఆవిరి ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పేది, ఐఐఏ కంటే ఐఐబీ, దానికంటే ఐఐసీ కఠినం) కూడా చూడాలి. టోలీన్, అసిటోన్ ఐఐఏ. టీహెచ్‌ఎఫ్ వాడితే ఐఐబీ. హైడ్రోజనేషన్ బ్లాకుకి ఐఐసీ. ఐఐబీ అని రాసున్న హారన్ హైడ్రోజన్ దగ్గర పనికిరాదు, అది ఎంత బరువైన డబ్బా అయినా సరే. తర్వాత టీ క్లాసు: టీ3 అంటే పై ఉష్ణోగ్రత 200 డిగ్రీలు దాటదు, టీ4 అంటే 135, టీ6 అంటే 85. ఇక్కడ అందరూ జారిపడే చోటొకటుంది. సర్టిఫికెట్‌లో చుట్టుపక్కల ఉష్ణోగ్రత ఏమీ రాయకపోతే మైనస్ 20 నుంచి ప్లస్ 40 వరకే అని అర్థం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తగిలే స్టీలు స్ట్రక్చర్ మీద 40 ఏం సరిపోతుంది? 55 డిగ్రీలకి సర్టిఫికెట్ ఉందా, ఉంటే అప్పుడు టీ క్లాసు ఎంత అని అడగండి. ఉష్ణోగ్రత పెరిగితే క్లాసు ఒక మెట్టు దిగిపోతుంటుంది. పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అప్రూవల్ కాపీ హారన్‌కి, జంక్షన్ బాక్సుకి, గ్లాండుకి (కేబుల్ డబ్బాలోకి దూరే చోట బిగించేది) విడివిడిగా తీసుకోండి.

ట్యాంక్ ఫామ్‌కి ఖర్చు తగ్గించే దారి ఉంది. డైక్ (ట్యాంకుల చుట్టూ కట్టిన గట్టు) లోపల హారన్ పెట్టాల్సిన పనే లేదు. జోన్ దాటాక బయట స్తంభం మీద మామూలు ఐపీ66 (దుమ్ము, నీరు చొరబడని రకం, నెట్‌వర్కు ఐపీ కాదు) హారన్ పెట్టి లోపలికి తిప్పండి. 20 మీటర్ల దూరంలో 122 − 26 = 96 డీబీ, అక్కడ శబ్దం 70. ఈ లెక్కన జోన్ లోపల నిజంగా తప్పనివి ప్రొడక్షన్ అంతస్తుల్లోవి, హైడ్రోజనేషన్‌వి, ట్యాంకరు అన్‌లోడింగ్ దగ్గరివి.

బిగించేటప్పుడు పాడు చేసేది ఎక్కువగా గ్లాండు దగ్గరే. డబుల్ కంప్రెషన్ గ్లాండు కేబుల్ సైజుకి సరిపోయేదే కావాలి. వదులుగా ఉందని టేపు చుట్టడం కుదరదు. వాడని ఎంట్రీకి సర్టిఫికెట్ ఉన్న ప్లగ్గే పెట్టాలి, ప్లాస్టిక్ మూత కాదు. ఫ్లేమ్‌ప్రూఫ్ మూతకి ఎన్ని బోల్టులుంటే అన్నీ ఉండాలి. ఆ మూత అంచు మీద రంగు వెయ్యకూడదు, మామూలు సీలెంట్ పుయ్యకూడదు, బ్రాకెట్ కోసం డబ్బాకి డ్రిల్లు వేస్తే సర్టిఫికెట్ అక్కడితో సరి.

ఇంకో మాట. ఫైనల్ ప్రొడక్ట్ ఉండే క్లీన్ రూముల్లో మామూలు సీలింగ్ స్పీకర్ కోయించొద్దు. వెనక్కి తెరిచి ఉంటే గది ప్రెషర్ ఫాల్స్ సీలింగ్‌లోకి కారిపోతుంది. వెనక సీల్ చేసిన డబ్బా, ముందు తుడవడానికి వీలైన నునుపు ముఖం ఉన్నదే కావాలి. క్యూఏ వాళ్ళకి ముందే చూపించి సంతకం పెట్టించుకోండి, లేకపోతే పెట్టాక పీకిస్తారు.

---

ర్యాక్_వెనకాల:

ఇప్పుడు మూడింట్లో ఏది అన్న సంగతి.

పేజ్-పార్టీ మంచి సిస్టమే, మీకు సరిపోదు. అది రిఫైనరీలు, థర్మల్ ప్లాంట్లు, కిలోమీటర్ల పొడుగు కన్వేయర్లు ఉన్నచోట పుట్టింది. ఒక పేజ్ లైను, సాధారణంగా 5 పార్టీ లైన్లు. ఒకడు పేజ్ నొక్కి "ఫలానావారు లైను 3కి రండి" అంటాడు, అవతలివాడు దగ్గర్లో ఉన్న స్టేషన్‌లో లైను 3 తీసి మాట్లాడతాడు. ఒక స్టేషన్ పోతే మిగతావి నడుస్తాయి. కానీ మీ దగ్గర 24 స్టేషన్లలో సగం జోన్‌లో పడతాయి, అంటే ఆంప్లిఫయర్‌తో సహా ఫ్లేమ్‌ప్రూఫ్. హ్యాండ్‌సెట్ నిజంగా కావలసిన చోట్లు బాయిలర్, అన్‌లోడింగ్, హైడ్రోజనేషన్, ఈటీపీ, యుటిలిటీ, గేటు. ఆ 6 పెట్టండి చాలు, ఈపీఏబీఎక్స్‌కి (ప్లాంటు ఫోన్ ఎక్స్ఛేంజికి) కలపొచ్చు.

మీకు 100 వోల్ట్ లైనే సరైనది. అయితే మొదటి కొటేషన్‌లో ఉన్నట్టు కాదు. అడగాల్సిన మార్పులు చెప్తాను.

ప్రతి ప్రాంతానికీ ఏ, బీ అని రెండు లైన్లు, రెండు వేర్వేరు ఆంప్లిఫయర్ల నుంచి. స్పీకర్లు ఒకటి విడిచి ఒకటి ఏ మీద, బీ మీద. ఒక కేబుల్ తెగినా, ఒక ఆంప్లిఫయర్ కాలినా ఏ గదీ పూర్తిగా మూగబోదు. రెండు కేబుళ్ళూ ఒకే ట్రేలో వేస్తే మాత్రం ఈ ఖర్చంతా దండగ. ఒకటి మెట్ల వైపు, ఒకటి ప్రాసెస్ వైపు వెళ్ళాలి.

ఆంప్లిఫయర్ మీద లోడు 80 శాతం దాటకూడదు. 500 వాట్లదానికి ట్యాపులన్నీ కలిపి 400. స్పేరు ఆంప్లిఫయర్ ఒకటి ర్యాకులోనే ఉండి, ఏది పోయినా తనంతట అదే ఆ లైను ఎత్తుకోవాలి.

కేబుల్ సైజు. రాగి తీగకి కిలోమీటరుకి నిరోధం 1.5 స్క్వేర్‌కి (చదరపు మిల్లీమీటర్లు) 12.1 ఓమ్‌లు, 2.5కి 7.41, 4కి 4.61. చివరి బ్లాకు 350 మీటర్లు, పోను రాను 700. లోడు 300 వాట్లు చివర్లో ఉందనుకుంటే దాని ఇంపీడెన్స్ 10000 ÷ 300 = 33 ఓమ్‌లు. 1.5 స్క్వేర్ వేస్తే దారిలో 8.5 ఓమ్‌లు, అంటే ఐదో వంతు వోల్టేజీ కేబుల్‌లోనే పోయింది, దాదాపు 2 డీబీ. 4 స్క్వేర్ వేస్తే 0.8 డీబీ. అదే ఏ, బీ అని 150 వాట్లుగా విడగొడితే 2.5 స్క్వేర్‌తోనే 0.65 డీబీకి వస్తుంది. కాబట్టి ఏ-బీ పెట్టడం వల్ల కేబుల్ సైజు కూడా తగ్గుతుంది. ఆర్మర్డ్, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ (మంట పాకని, పొగ తక్కువ వచ్చే రకం) అడగండి. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) పవర్ కేబుళ్ళకి కనీసం 300 మిల్లీమీటర్లు ఎడంగా, దాటాల్సొస్తే అడ్డంగా దాటించండి. షీల్డు భూమికి ర్యాకు వైపు మాత్రమే.

హారన్ లైన్ల మీద 300 హెర్ట్జ్ కింద కోసేసే ఫిల్టరు పెట్టించండి. ఆ కింది శబ్దం హారన్‌లోంచి ఎలాగూ బయటికి రాదు, డయాఫ్రమ్‌ని కొట్టి చింపడానికీ ట్రాన్స్‌ఫార్మర్‌ని సాచురేట్ చెయ్యడానికీ మాత్రం పనికొస్తుంది.

లైను మానిటరింగ్ ఉండాల్సిందే. తెగినా, షార్ట్ అయినా, ఎర్త్ అయినా ప్యానెల్‌లో రావాలి. హారన్‌లో కందిరీగలు గూడు పెట్టింది మాత్రం ఏ మానిటరింగూ చెప్పదు, అది నెలకోసారి వినాల్సిందే.

---

మల్టీకాస్ట్:

ర్యాక్ గారూ, ఐపీని అంత తేలిగ్గా తీసెయ్యొద్దు. 350 మీటర్లు 100 వోల్ట్ కేబుల్ లాగేకన్నా చివరి బ్లాకులో చిన్న ర్యాకు పెట్టి ఫైబర్ మీద ఆడియో పంపితే కేబుల్ లెక్కే ఉండదు. కొత్త బ్లాకు కడితే ఇంకో ర్యాకు కలుపుకోవడమే.

కానీ హారన్ దాకా ఐపీ అంటే నేనూ ఒప్పుకోను. పీఓఈ 802.3ఏఎఫ్ అయితే చివరికి చేరేది 12.95 వాట్లు, ఏటీ అయితే 25.5. అందులో ఆంప్లిఫయర్, ప్రాసెసర్ తినగా హారన్‌కి మిగిలేది తక్కువ. 92 డీబీ బాయిలర్‌లో అది చాలదు. పైగా రాగి ఈథర్నెట్ 100 మీటర్లే. ప్రతి 100 మీటర్లకి ఒక స్విచ్, ప్రతి స్విచ్‌కి ఒక యూపీఎస్. మంటలొచ్చి ఆ బ్లాకు పవర్ తీసేస్తే స్విచ్‌తోపాటు హారన్లూ పోతాయి.

బ్లాకుల మధ్య ఐపీ పెడితే ఇవి చూసుకోండి. ఆఫీసు నెట్‌వర్కులో కలపొద్దు, విడి వీలాన్ (అవే స్విచ్‌ల మీద వేరుగా నడిచే నెట్‌వర్కు). వాయిస్‌కి డీఎస్‌సీపీ 46 (మాట ప్యాకెట్లని ముందు పంపమనే గుర్తు). అన్ని పేజింగ్ జోన్లకీ (మైక్ ప్రాంతాలకీ) ఒకేసారి పంపేది మల్టీకాస్ట్ కాబట్టి స్విచ్‌లలో ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టులకే ఆడియో పంపే ఏర్పాటు) పెడతారు, కానీ క్వెరియర్ (ఇంకా ఎవరికి కావాలని మళ్ళీ మళ్ళీ అడిగేది) పెట్టడం మర్చిపోతారు. అప్పుడేమవుతుందంటే టెస్టు చేసినప్పుడు బాగానే మోగుతుంది, నాలుగు నిమిషాల తర్వాత నోరు మూసుకుంటుంది. స్విచ్‌లో గ్రూపు గడువు సాధారణంగా 260 సెకన్లు, ఎవరూ అడక్కపోతే గ్రూపు తీసేస్తుంది. సైటు టెస్టులో కనీసం 10 నిమిషాలు ఆపకుండా మోగించి చూడండి.

ఫైబర్ రింగు కట్టండి, ఒకచోట తెగినా ఇంకోవైపు నుంచి వెళ్ళేలా. ఫైర్ ప్యానెల్ నుంచి వచ్చే ట్రిగ్గర్ మాత్రం నెట్‌వర్కు మీద వద్దు. పొటెన్షియల్ ఫ్రీ కాంటాక్టు (సొంత వోల్టేజీ లేని స్విచ్), చివర రెసిస్టరుతో మానిటర్ అయ్యేలా రెండు తీగలు.

---

ర్యాక్_వెనకాల:

ఒప్పుకుంటున్నా. మధ్యలో ఫైబర్, బ్లాకు లోపల 100 వోల్ట్, రెండు ర్యాకులు. చివరి బ్లాకు ర్యాకు మాత్రం సేఫ్ ఏరియాలో, ఎలక్ట్రికల్ గదిలో ఉండాలి. ఆ గదికి ఏసీ ఉందో లేదో ముందే చూడండి, బ్యాటరీలూ అందులోనే ఉంటాయి.

---

షిఫ్ట్_సేఫ్టీ:

హూటర్లుండగా మైక్ ఎందుకు అని అడిగిన పైవాళ్ళకి ఒకటే చెప్పండి. హూటర్ "ఏదో అయింది" అంటుంది. సాల్వెంట్ ప్లాంటులో తెలియాల్సింది ఎటు వెళ్ళాలో. మంటయితే ఒక దారి, గ్యాస్ అయితే గాలిని బట్టి ఇంకో దారి.

ఇంకోటి కూడా వాళ్ళకి గుర్తు చెయ్యండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు, సైరన్ నొక్కే చోట్లు 36 ఉన్నా సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో ఉంది. కాబట్టి స్పీకర్లెన్ని అన్నదాంతోపాటు, రాత్రి షిఫ్టులో ఎవరు నొక్కాలి, ఎవరినీ అడక్కుండా నొక్కే అధికారం ఉందా అన్నది కూడా టెండరు రాసేటప్పుడే తేల్చాలి. ఎమర్జెన్సీ మైకు రెండుచోట్ల ఉండాలి, కంట్రోల్ రూములో ఒకటి, మెయిన్ గేటు సెక్యూరిటీ దగ్గర ఒకటి. గాలి మారితే కంట్రోల్ రూమే గ్యాస్ మధ్యలో ఉండొచ్చు.

రికార్డు చేసిన సందేశాల్లో అసెంబ్లీ పాయింట్ నంబరు ఒకటే పెట్టి వదిలేస్తారు. అది తప్పు. గాలి అటే వీస్తుంటే మనుషుల్ని గ్యాస్‌లోకే పంపినట్టు. ప్రతి పాయింటుకీ ఒక సందేశం రికార్డు చేసి, విండ్ సాక్ (గాలి దిక్కు చూపే గుడ్డ సంచి) చూసి ఆపరేటరు బటన్ ఎంచుకునేలా పెట్టండి. సందేశం ఇలా చిన్నగా ఉండాలి: "సాల్వెంట్ లీకు. బ్లాకు 3. పని ఆపండి. గాలికి అడ్డంగా నడవండి. అసెంబ్లీ పాయింట్ 2." ముందు 4 సెకన్ల టోను, తర్వాత తెలుగు, హిందీ, ఒడియా. మీ కాంట్రాక్టు కూలీలు ఎక్కడివాళ్ళో గేటు రిజిస్టరు చూసి భాషలు తేల్చుకోండి. మూడు భాషలూ కలిపి అరనిమిషం దాటితే మొదటిది మర్చిపోతారు.

టోన్లు ఎక్కువ పెట్టకండి. ఎత్తుపల్లాలుగా మోగేది ప్రమాదానికి, తెగకుండా ఒకే తీరున మోగేది ఆల్ క్లియర్‌కి. పెట్రోలియం సంస్థల్లో ఓఐఎస్‌డీ (చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్) పద్ధతి కూడా అదే. పెద్ద మంటకి 2 నిమిషాలు ఎత్తుపల్లాలుగా. విపత్తయితే అదే మూడుసార్లు, మధ్యలో నిమిషం చొప్పున ఆపుతూ. ఆల్ క్లియర్‌కి 2 నిమిషాలు ఒకే తీరున. కొత్త పద్ధతి కనిపెట్టి జనాన్ని గందరగోళపెట్టాల్సిన పని లేదు.

ఇక డెసిబెల్ గారి లెక్కలో ఒక దిద్దుబాటు. 15 వాట్లు నిండుగా వెళ్ళేది టోను మోగేటప్పుడే. మాట్లాడేటప్పుడు సగటు అంత ఉండదు. లిమిటరు (గొంతు హెచ్చుతగ్గుల్ని అదుపు చేసేది) బాగా పెట్టినా 6 డీబీ కింద ఉంటుంది, పెట్టకపోతే 10. బాయిలర్‌కి 122 కాదు 116తో మొదలుపెట్టాలి. అప్పుడు 102 కావాలంటే 5 మీటర్ల దూరమే.

---

డెసిబెల్_లెక్క:

నిజమే, అది టోను లెక్క. సరిచేస్తున్నా. బాయిలర్‌లో ఆ 4 హారన్లనీ 30 వాట్లవి తీసుకుని 30 ట్యాప్ మీదే పెట్టండి. 125 − 6 = 119, 7 మీటర్ల దూరంలో 102. 30 మీటర్ల పొడుగులో 7.5 మీటర్లకి ఒకటి వస్తాయి కాబట్టి సరిపోతుంది. మొత్తం 120 వాట్లు. గోడౌన్‌లో 78 కాస్తా 72 అయింది, అంచుమీద సరిపోయింది. అక్కడ ట్యాపు 10 వాట్లకి పెంచుకునే వీలున్న స్పీకర్లు తీసుకోండి. ట్యాంక్ ఫామ్‌లో 96 బదులు 90, ఇబ్బంది లేదు. కంప్రెసర్ గదిలో మాట కుదరదన్నది ఇంకా గట్టిపడింది, టోను, లైటు ఖాయం చేసుకోండి.

దీన్నిబట్టే ఇంకోటి. వెండరు వచ్చి సైరన్ మోగించి మీటరు చూపించి సంతకం అడుగుతాడు. ఒప్పుకోవద్దు. రికార్డు చేసిన మాట వేయించి కొలవండి.

---

రియాక్టర్_బ్లాక్:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. రెండు సందేహాలు మిగిలాయి. బ్యాటరీ లెక్క ఎవరూ చెప్పలేదు. రెండోది, అప్పగించుకునేటప్పుడు మా ఎలక్ట్రీషియన్లు ఏం చూడాలి? వాళ్ళ దగ్గర మల్టీమీటర్, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించేది) ఉన్నాయి.

---

ర్యాక్_వెనకాల:

బ్యాటరీ: కరెంటు పోయాక 24 గంటలు ఊరికే మేలుకుని ఉండాలి, ఆ తర్వాత అరగంట పూర్తిగా మోగాలి. ఒక 500 వాట్ల ఆంప్లిఫయర్, దాని కంట్రోలరు కలిపి 24 వోల్టుల మీద నిశ్శబ్దంగా ఉన్నప్పుడు 1.5 ఆంపియర్లు తీసుకుంటాయనుకోండి. 24 గంటలకి 36 ఏహెచ్ (ఆంపియర్ గంటలు). క్లాస్ డీ ఆంప్లిఫయర్ 80 శాతం ఎఫిషియెన్సీతో నిండుగా మోగితే 625 వాట్లు, అంటే 26 ఆంపియర్లు, అరగంటకి 13. మొత్తం 49. పాతబడేకొద్దీ తగ్గుతుంది కాబట్టి 1.25తో గుణిస్తే 61. బజారులో దొరికే 65 ఏహెచ్ పెట్టండి. లెక్కలో ఎక్కువ భాగం ఎక్కడుందో చూశారా? మోగడంలో కాదు, ఊరికే ఉండటంలో. స్లీప్ మోడ్ ఉన్న ఆంప్లిఫయర్ తీసుకుంటే బ్యాటరీ సగానికి దగ్గరగా తగ్గుతుంది. వీఆర్‌ఎల్‌ఏ (నీళ్ళు పొయ్యక్కర్లేని సీల్డు లెడ్) బ్యాటరీకి 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సుమారు సగమవుతుంది, ఏసీ ఉందా అని అడిగింది అందుకే.

లైను చెకింగ్‌కి మల్టీమీటర్ పనికిరాదు. అది చూపించేది ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల డీసీ నిరోధం, అంటే ఎప్పుడూ షార్ట్ లాగే కనిపిస్తుంది. 1 కిలోహెర్ట్జ్‌తో కొలిచే ఇంపీడెన్స్ మీటరు కొనండి. 10000ని లైను మీదున్న మొత్తం వాట్లతో భాగిస్తే రావాల్సిన ఓమ్‌లు. 150 వాట్ల లైనుకి 67 రావాలి. 45 వచ్చిందంటే ఎవరో ట్యాపులు మార్చారు, లైను మీద 220 వాట్లున్నాయి. 130 వచ్చిందంటే సగం హారన్లు లైనులో లేవు. 8 వచ్చిందంటే ట్రాన్స్‌ఫార్మర్ లేని 8 ఓమ్ స్పీకర్‌ని ఎవరో నేరుగా కలిపేశారు. ఆంప్లిఫయర్ ఆన్ చెయ్యకండి. ప్రతి లైను రీడింగూ మొదటిరోజే ర్యాకు తలుపు లోపల అతికించండి.

మెగ్గర్ 500 వోల్టులతో కేబుల్‌కి మాత్రమే, రెండు చివరలూ విప్పాక. ఆంప్లిఫయర్ తగిలించి మెగ్గర్ తిప్పితే అవుట్‌పుట్ స్టేజి పోతుంది, వారంటీలోకీ రాదు.

---

జోన్_ఒకటి_రెండు:

దాంతోపాటు ప్రతి బయటి హారన్‌నీ నిచ్చెనేసి చూడండి. మూతి కాస్త కిందికి వంగి ఉండాలి, కేబుల్ కింది వైపునుంచి రావాలి, గ్లాండుకి ముందు కేబుల్ ఒక వంపు తిరిగి ఉండాలి. లేకపోతే వాన నీరు కేబుల్ వెంట పాకి నేరుగా డబ్బాలోకి దిగుతుంది. సముద్రం గాలి తగిలేచోట బ్రాకెట్లు, బోల్టులు ఎస్‌ఎస్ 316 రాయించండి, 304 మీద మచ్చలొస్తాయి. మూతికి ఎస్‌ఎస్ జాలీ ఉంటే కందిరీగల బాధ కూడా ఉండదు.

---

షిఫ్ట్_సేఫ్టీ:

కొలతలు తీసుకునే రోజు మెషీన్లన్నీ నడుస్తుండాలి. ఆదివారం షట్‌డౌన్‌లో టెస్టు పెడదామంటారు, వద్దనండి. నేలనుంచి 1.5 మీటర్ల ఎత్తులో, ‘ఏ’ వెయిటింగ్‌తో (అంటే డీబీఏలో), ప్రతి ప్రాంతంలో కనీసం 5 చోట్ల. గోడౌన్‌లో, క్యాంటీన్‌లో ఎస్‌టీఐ (మాట ఎంత స్పష్టంగా అర్థమవుతుందో 0 నుంచి 1 వరకు చెప్పే) మీటరుతో 0.5కి తగ్గకూడదు. మీటరు లేకపోతే ఇంకో పద్ధతి ఉంది. ప్లాంటు కొత్తవాడిని ఒకణ్ణి నిలబెట్టి, మైకులో వరసలేని అంకెలు 20 చదివించి, వాడు రాసుకున్నవి పోల్చి చూడండి.

గేటు దగ్గర మైకు పక్కనే హారన్ ఉంటే కూత పెడుతుంది. మాట్లాడేంతసేపు ఆ ఒక్క హారన్ మూగబోయే రిలే అడగండి. మామూలు పేజింగ్‌కైతే మాట ముందు రికార్డయి, బటన్ వదిలాక వెళ్ళే పద్ధతి ఇంకా మేలు. ఎమర్జెన్సీ మైకుకి మాత్రం ఆ ఆలస్యం పెట్టొద్దు.

ప్రాధాన్యం క్రమం కాగితం మీద రాసివ్వండి: ఎమర్జెన్సీ మైకు, తర్వాత రికార్డు సందేశం, తర్వాత మామూలు పేజింగ్. సంగీతం లైనుకి కలపనే వద్దు. రోజంతా పాటలూ, "ఫలానా డ్రైవరు వేబ్రిడ్జి దగ్గరికి రావాలి" అన్న పిలుపులూ అన్ని జోన్లకీ వెళ్తుంటే రెండు నెలల్లో ఎవడూ తలెత్తి వినడు. ఎక్స్‌టెన్షన్ నుంచి పేజింగ్ చేసేవాళ్ళకి వాళ్ళ జోన్ మాత్రమే, పిన్‌తో ఇవ్వండి.